అంతరిక్షంలో దేశం, పొలిమేర బయట ఇల్లు

థర్మాకోల్‌ని బ్లేడుతో కోసేటప్పుడు వచ్చే ఆ కీచుమనే చప్పుడు ఉంది చూశారూ, అది వింటే నాకు పళ్లు జివ్వుమంటాయి. మొన్న మా బడిలో సైన్స్ ఫెయిర్ కోసం పిల్లలు వరండాలో కూర్చుని సరిగ్గా అదే పని పెట్టుకున్నారు. ఆపండర్రా అని కేకేయబోయి, వాళ్లు కోస్తున్నదేమిటో చూసి నోరు మూసుకున్నాను. గుండ్రటి చక్రం, దాని మీద అగ్గిపెట్టెలంత ఇళ్లు, మధ్యలో పుల్లకు అంటించిన రంగుకాగితం జెండా. "ఏందమ్మా ఇది" అంటే, "అంతరిక్షంల కొత్త దేశం సార్. ఎవ్వరి కిందా ఉండది" అంది మొహం నిండా తెల్లపొడి పూసుకున్న ఒక అమ్మాయి. ఇదే దేశాన్ని ఇలాంటి అట్టలతోనే కొన్నేళ్ల కింద ఇంకో బడిలో నేను కట్టించాను. కట్టించి మురిసిపోతుంటే, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని దాన్ని ప్రశ్నలతో పొడిచి పొడిచి పెట్టిన మనిషి శాంత మేడం. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

శాంత మేడం మీకెవరికీ తెలియదు. టేకులపల్లి నుంచి అడవిలోకి పోయే దారిలో ఉన్న హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్. సోషల్ చెప్పేవారు. నేను ఫిజిక్స్ చెప్పడానికి అక్కడ కొత్తగా చేరాను. మా ఊరు ఆ రోడ్డు చిట్టచివర, అడవిని ఆనుకుని ఉంటుంది. ఆవిడది మా ఊరికీ మెయిన్ రోడ్డుకీ మధ్యన ఉన్న తండా. కాగితాల మీద ఆ తండా కూడా మా ఊరి పంచాయతీలో ముక్కే. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి, పట్టుబట్టి చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, తండా అంచున రెండు గదుల స్లాబు ఇల్లు, దాని వెనక పొడవాటి మిరప చేను సంపాదించుకున్నారు. పొట్టి మనిషి. గొంతు మాత్రం గేటు దాకా వినపడేది. నవ్వగా చూసినవాళ్లు తక్కువ.

నేను చేరిన కొత్తలో పిల్లల కోసం ఒక టెలిస్కోప్ కొందామని ఉత్సాహంగా ఆవిడ గదిలోకి వెళ్లాను. వద్దంటారని సిద్ధమై వెళితే, "కొందాం సారు" అన్నారు వెంటనే. నేను లేవబోతుంటే, "కూర్చోండి. కొన్నంక? వానకాలం ఎక్కడ పెడ్తరు? సెలవులల్ల ఎవరి చేతుల ఉంటది? అద్దం పగిలితే ఎవర్ని అడగాలె నేను?" అని మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది. నక్షత్రాలు చూపిద్దామని వస్తే బీరువా తాళంచెవి గురించి అడుగుతుందేమిటీవిడ అనుకున్నాను. అయినా అన్నిటికీ జవాబు చెప్పేదాకా వదల్లేదు. ఆ జిల్లాలో అప్పట్లో ఎన్ని బళ్లలో టెలిస్కోపులు కొన్నారో తెలియదు కానీ, మాది మాత్రం ఈ రోజుకీ పనిచేస్తోందని అక్కడి మాస్టార్లు చెబుతుంటారు. ఆవిడ పద్ధతే అది. కాదనరు. "సరే, తర్వాత?" అంటారు. ఆ 'తర్వాత'కు భయపడి సగంమంది టీచర్లు ఆవిడ గదిలోకే వెళ్లేవారు కాదు.

అలాంటి రోజుల్లోనే పేపర్లో ఒక వార్త పడింది. ఎవరో విదేశీయులు అంతరిక్షంలో స్వతంత్ర దేశం పెడతామని ప్రకటించారట, ఇంటర్నెట్‌లో పేరిస్తే ఎవరైనా పౌరులు కావచ్చట. పదో తరగతి పిల్లలు ఊగిపోయారు. సైన్స్ ఫెయిర్‌కి అదే చేద్దామన్నారు. నేను వాళ్లకంటే ఎక్కువ ఊగిపోయాను, అబద్ధం ఎందుకు. చక్రంలా తిరిగితే నేల మీద ఉన్నట్టే బరువు వస్తుంది, నీళ్లలోంచి గాలి తీయవచ్చు, వాడిన నీళ్లనే శుభ్రం చేసి మళ్లీ తాగవచ్చు. వంద మందికి సరిపడేలా అంతా లెక్కగట్టి, థర్మాకోల్ చక్రం తయారుచేసి, శాంత మేడాన్ని పిలిచాం. ఆవిడ వచ్చి, చుట్టూ తిరిగి చూసి, కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. ఆ కుర్చీ చూడగానే ఇది ఇప్పట్లో తేలదని నాకర్థమైంది.

"బాగున్నది. ఇది పైకి ఎట్ల పోతది?"

"రాకెట్ మీద, మేడం" అన్నారు పిల్లలు.

"ఎవరి రాకెట్? ఎవరి గడ్డ మీది నుంచి లేస్తది?"

ఏదో ఒక దేశానిది అయ్యుంటుంది కదా అన్నాను నేను. "మరి ఏ దేశం పంపితే ఆ వస్తువు మీద ఆ దేశం చట్టమే నడుస్తదని అందరు కలిసి రాసుకున్న ఒప్పందం ఉన్నది సారు. చంద్రుడు మాది, ఆకాశం మాది అని ఎవ్వరు అనొద్దని గూడ అండ్లనే ఉన్నది. మనుషులు ఉంటరు, సర్కారు ఉంటది, బాగనే ఉన్నది. నేల లేదు. ఇగ మిగిలింది ఒకటే, పక్కోళ్లు 'అవ్, మీరు దేశమే' అనాలె. ఎవరంటరు? ఎందుకంటరు?" అన్నారు. పిల్లలు నా మొహం చూశారు. గాలీ నీళ్లూ ఎలా అని అడుగుతారనుకుని వాటికి జవాబులు వండి పెట్టుకున్నాను, ఆవిడ వాటి జోలికే రాలేదు. చాలాసేపయ్యాక మా జవాబులన్నీ విని, "అంటే చెయ్యలేనిది కాదు. శానా ఏండ్లు పడుతది, శానా మంది కాళ్లు పట్టుకోవాలె. గంతే గదా" అన్నారు. అంతేలెండి అన్నాను నీరసంగా.

లేస్తూ లేస్తూ చివరి ప్రశ్న వేశారు. "గాలి వంద మందికే అన్నరు. పక్క నుంచి పోయే ఓడ ఒకటి చెడిపోయింది. దాంట్లోళ్లు మీ తలుపు కొడుతున్నరు. తీస్తరా?"

"అంతరిక్షంలో చప్పుడు వినపడదు మేడం" అన్నాను, నా ఖర్మ.

"మీకు వినపడకుంటేనేమి, వాళ్లు కొడుతున్నరు" అన్నారావిడ.

తీస్తాం మేడం, తీస్తాం అని పిల్లలందరూ ఒక్కసారి అన్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "తీయొద్దు. ఇన్నేండ్లు కష్టపడి కట్టుకున్నది మొదటి దినమే జాలిపడి పోగొట్టుకుంటరా? లోపల ఉన్నోళ్ల గాలి తీసి బయటోళ్లకు ఇచ్చే హక్కు మీకెవరిచ్చిండ్రు?" అని, కుర్చీ లోపల పెట్టమని చెప్పి వెళ్లిపోయారు. ముందు వరుసలో ఒక పిల్ల కళ్లు తుడుచుకుంది. పిల్లల ముందు ఒక హెడ్మిస్ట్రెస్ అనే మాటేనా అది? ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడ సుజాతతో, "ఆమెది మనసు కాదు, సిమెంటు" అన్నాను.

కొన్నాళ్లకు మా ఊళ్లో గొడవ మొదలైంది. తండాలను వేరే పంచాయతీలు చేస్తున్నారనీ, మన ఊరిని కూడా నరికేస్తున్నారనీ, ఆ తండా తరఫున ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిందెవరో కాదు, "మీ హెడ్మాస్టరమ్మనే" అనీ మా పెద్దలు నన్ను నిలబెట్టి దులిపేశారు. ఆ మాట వినగానే నాకు మతిపోయింది. నేల ఎక్కడిది, ఎవరి చట్టం, పక్కవాళ్లు ఎందుకు ఒప్పుకుంటారు... ఆవిడ మా చక్రాన్ని అడిగిన ప్రశ్నలన్నీ తన తండా గురించి! మర్నాడు పొద్దున్నే గదిలోకి వెళ్లి, మా థర్మాకోల్ దేశాన్ని మీ తండా కోసం వాడుకున్నారా మేడం అని అడిగేశాను.

"వాడుకోక? నాకాడ ప్రశ్నలుండె, మీకాడ జవాబులుండె" అన్నారు, హాజరు పట్టీలోంచి తల ఎత్తకుండా. తర్వాత ఒక నిమిషం ఆగి, "మా అయ్య మీ ఊరి పంచాయతీ ముంగట చెప్పులు చేతుల పట్టుకుని నిలబడ్డడు సారు, బోరింగు కావాలని. బోరింగు రాలే. చెప్పులు ఎట్ల పట్టుకున్నడో అది యాదికున్నది నాకు" అన్నారు. అక్కడి నుంచి వచ్చేశాను.

తండా పంచాయతీ అయింది. అయితే అక్కడివాళ్ల లెక్కలో సర్కారు కాగితంతో ఊరు ఊరు కాదు, బొడ్రాయి పాతాలి. ఊరి నడిబొడ్డున రాయి నిలబెట్టి, పెళ్లయి పోయిన ఆడబిడ్డలందరినీ పిలిపించి, యాటను కోసి, ఆ నెత్తురు కలిపిన అన్నాన్ని ఊరి చుట్టూ చల్లుకుంటూ పోతారు. దాన్నే పొలి అంటారు. పొలి చల్లాక మర్నాడు పొద్దు పొడిచేదాకా ఆ గీత దాటి ఎవరూ బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. దాటితే ఊరి బరకత్తు, ఉన్న కలిమంతా వాళ్ల వెంట పోతుందంటారు. దార్లకు ముళ్లకంప అడ్డం వేస్తారు. మా ఊళ్లో అయితే ఆ కట్టు ఒక్కపూట కూడా నిలవదని అప్పటికే వేళాకోళాలు పుట్టించారు. నేను సైన్సు మాస్టారిని కదా, నవ్వుకున్నాను.

ఆ రోజే సుజాతకు నొప్పులు వచ్చాయి. డాక్టరు చెప్పిన గడువు ఇంకా చాలా ఉంది. మధ్యాహ్నం ఎండలో మా అమ్మ ఒక్కసారిగా బయటికొచ్చి, "ఒరేయ్, బండి మాట్లాడు. పిల్ల వాలకం బాగలేదు" అంది. ఫోను చేస్తే అంబులెన్సు తండా అవతలి వైపు దాకా వచ్చి కంప దగ్గర ఆగిపోయింది. మాకున్నది ఆ ఒక్క రోడ్డే. రెండోది అడవిలో కాలిబాట. ఆటోలో సుజాతను పడుకోబెట్టుకుని ఇవతలి కంప దగ్గరకు చేరాం. అవతల తండా తండా అంతా నిలబడి ఉంది. శాంత మేడం తమ్ముడు బద్రు తండాకి పెద్ద, వాళ్ల నాయక్. కంపకు అవతల అడ్డంగా నిలబడ్డాడు. "సారూ, మీ కాల్మొక్త. పిల్లా జెల్లా ఉన్నోళ్లం. ఇప్పుడు కట్టు తెగితే ఊరు మొత్తం ఖతం" అంటున్నాడు. వాడి కళ్లలో దుర్మార్గం లేదు, ఉన్నది భయం. అది చూసి నాకు ఇంకా భయమేసింది. ఆటోలోంచి సుజాత మూలుగు వినపడుతోంది. ఏ దేవుడి మీద నమ్మకంలేని నేను ఒక ముళ్లకంప ముందు చేతులు జోడించి నిలబడ్డాను.

జనాన్ని తోసుకుంటూ శాంత మేడం వచ్చారు. కొత్త చీర, నుదుటిన ఇంత పసుపు. ఆటోలోకి చూశారు. సుజాత చెయ్యి సీటు అంచుని ఎంత గట్టిగా పట్టుకుందో చూశారు. నేను "మేడం" అన్నాను. ఆ రోజు క్లాసులో ఆవిడ అన్నది నా చెవుల్లో గింగురుమంటోంది, తీయొద్దు అని. ఆవిడ నా వైపు చూడలేదు. తిరిగి వాళ్ల భాషలో తమ్ముడితో ఏదో చెప్పారు. బద్రు రెండు చేతులతో తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. పొలి చల్లడానికి వేరే ఊరి నుంచి వచ్చిన పూజారి ఒకాయన గంప పట్టుకుని నిలబడి ఉంటే, ఆయనతో తెలుగులో అన్నారు.

"పొలి మళ్లొకసారి చల్లాలె. నా ఇల్లు, నా చేను బయటికి పెట్టి, గిట్ల లోపలికెళ్లి చల్లు. ఊరు లోపలికి జరగొచ్చా?"

ఆయన ఆలోచించి, "జరగొచ్చమ్మా. బయటికి జరగొద్దు గాని లోపలికి జరగొచ్చు. కాని అట్లయితే మీరు ఊర్ల లేనట్టే" అన్నాడు.

"లేను."

"ఇయ్యాల్టి మందమా అమ్మా?"

"ఊరు ఒక్క దినానికి కడ్తరా? చల్లు" అన్నారు.

నాకు ఆ మాటలు వినపడుతున్నాయి కానీ తలకెక్కడం లేదు. ఆవిడ నడుచుకుంటూ పోయి తన చేన్లో నిలబడ్డారు. ఆ ముసలాయన ఆవిడకీ తండాకీ మధ్యన, వంగి వంగి, అన్నం చల్లుకుంటూ వెళ్లాడు. ఏళ్ల తరబడి చెప్పులరిగేలా తిరిగి ఊరిని తెచ్చిన మనిషి, ఆ ఊరికి బొడ్రాయి పాతిన రోజునే, అందరి కళ్లముందే దాని బయట మిగిలిపోయింది. ఆవిడ చేను తండా అంచు వెంబడే ఇవతలి కంప నుంచి అవతలి కంప దాకా సాగి ఉంటుందని నాకప్పుడు గుర్తొచ్చింది. చీర కుచ్చిళ్లు దోపి, గడ్డపార తీసుకుని, గట్టు తానే తవ్వడం మొదలుపెట్టారు. నేనూ ఆటో డ్రైవరూ వెళ్లి చేతులు కలిపాం. కాపు అయిపోయి ఎండిన మిరప మొక్కల మీదుగా, అవతల ఆగి ఉన్న అంబులెన్సు దాకా ఆటో పోయింది. చక్రాలకు కాస్త దూరంలోనే తెల్లగా ఎర్రగా అన్నం మెతుకులు కనపడుతున్నాయి. ఏ చక్రమూ వాటిని తాకలేదు.

కొత్తగూడెం దవాఖానాలో ఆ సాయంత్రమే మాకు ఆడపిల్ల పుట్టింది. మెడకు పేగు చుట్టుకుని ఉందట. డాక్టరమ్మ బయటికొచ్చి, టైముకి తెచ్చారు అని మాత్రం అంది. నేను వరండాలో గోడకానుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

పది రోజులయ్యాక మిఠాయి పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లాను. అప్పటికంతా సర్దుకుని ఉంటుందనుకున్నాను. సర్దుకోలేదు. పక్కనే తండాలో పెళ్లి డప్పు మోగుతోంది, ఆవిడ అరుగు మీద ఒంటరిగా కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతున్నారు. వెళ్లరా అంటే, "నేను ఆ ఊరి మనిషిని కాదు గదా సారు" అన్నారు మామూలుగా. నాకు కోపం ఆగలేదు. ఆ రోజేదో అవసరానికి చేశారు, ఇప్పుడు మళ్లీ పొలి చల్లించుకుని ఇంటిని లోపల కలిపేసుకోండి, మీ తమ్ముడు ఏడుస్తున్నాడు, ఎవరికోసం ఈ పంతం అని అరిచాను. ఆవిడ పెన్ను మూత పెట్టారు.

"నేను మళ్ల లోపలికి పోయిననుకో. అప్పుడు ఆ గీత ఉత్తదే, ఆ దినం ఆటో ఊర్లెకెళ్లే పోయింది అన్నట్టయితది. మా తాన ఒక్క ఎద్దు చచ్చినా, ఒక్క పసిది పోయినా, ఎందుకైంది అని ఎతుకుతరు. ఎతికితే నాకాడ ఆగరు సారు. ఆ దినం పుట్టిన పిల్ల ఎవరు అంటరు. నీ బిడ్డ బడికి ఇదే దారి నుంచి పోవాలె. ఎన్నేండ్లు పోవాలె?"

నా చేతిలో మిఠాయి డబ్బా ఉందన్న సంగతే మర్చిపోయాను. అంతవరకు ఆవిడ తండా కోసం బయట ఉందనుకున్నాను. నా కూతురి కోసం ఉందని నా బుర్రకు తట్టనేలేదు. అప్పటికింకా పుట్టనే పుట్టని పిల్ల మీద ఏ నింద పడుతుందో ఆవిడకు ఆ కంప దగ్గర నిలబడినప్పుడే, ఆ కాస్త సమయంలోనే తెలిసిపోయిందన్నమాట. నీళ్లు తాగుతారా అని అడిగి ఆవిడే లోపలికి వెళ్లి తెచ్చారు.

తర్వాత ఆవిడ ఉన్నన్నాళ్లూ అలాగే ఉన్నారు. పక్కింటి చూరు నీడ ఆవిడ వాకిట్లో పడేది, ఆవిడ మాత్రం ఆ ఇంటి గడప తొక్కలేదు. తండావాళ్లకు పని పడితే వాళ్లే చేన్లోకి వచ్చి నిలబడి అడిగేవారు. తండా వాళ్లూ తక్కువ తినలేదు. మరుసటి ఏడు, మళ్లీ పొలి చల్లే బొడ్రాయి పండక్కి ఆడబిడ్డలను పిలుస్తూ బద్రు మా ఇంటికి వచ్చాడు, కొత్త గౌను పట్టుకుని. "ఈ పొల్ల మా ఊరి ఆడబిడ్డ" అన్నాడు. మా వెన్నెల ఏటా ఆ రోజు తండాలోనే తింటుంది, అక్కడే నిద్రపోతుంది. నేను దాన్ని దింపి, వచ్చి శాంత మేడం అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఏదో ఒకటి వాదించుకునేవాళ్లం. ఒకసారి, అంతరిక్షంలో దేశం వీలవుతుందా కాదా, ఒక్క ముక్కలో తేల్చి చెప్పండి అని అడిగాను. "అయితది. అండ్లకు పోయేటోళ్లను ఎట్ల తయారు చెయ్యాలె అన్నదే నాకు తెల్వది" అన్నారు.

కిందటి చలికాలం ఆవిడ ఆ ఇంట్లోనే కన్నుమూశారు. ఈసారి పండగ ముందు బద్రు వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "అక్క పోయింది. ఇగ ఆ ఇల్లు, చేను లోపలికి కలుపుకుందమంటున్నరు సారు మావోళ్లు. మీరేమంటరు?" అన్నాడు. నన్నెందుకు అడుగుతావు అన్నాను. వాడు నేలచూపులు చూస్తూ, "కలిపితే ఆ దినం ఇగ దారి ఉండదు గదా" అన్నాడు. పొలి గీత ఆ చేను దగ్గర వంగి పోయేది కాబట్టి, ఏటా ఆ ఒక్క రోజూ మా ఊరికి బయటికి పోయే తోవ ఉండేది. గట్టు తవ్విన చోట మళ్లీ మట్టి వేయనివ్వలేదట ఆవిడ. ఇన్నేళ్లు ఆ అరుగు మీద కూర్చుని నేనది చూడనేలేదు. ఉంచండి, ఆ రోజు ఇంట్లో నేనుంటాను అన్నాను.

పండగ రోజు పొద్దున్నే వెళ్లి అరుగు ఊడ్చుకుని కూర్చున్నాను. పొలివాళ్లు చేను దగ్గరకొచ్చి, ఎప్పటిలాగే లోపలికి మళ్లి వెళ్లిపోయారు. భోజనాల వేళకు వెన్నెల పరుగెత్తుకుంటూ వచ్చి, గీతకు అవతలే ఆగి, కాలి వేళ్లు మెతుకులకు తగలకుండా వెనక్కి లాక్కుని నిలబడింది.

"నాన్నా, నువ్వు గూడ రా. అన్నం పెడుతున్నరు."

"నేను రాకూడదమ్మా. ఇక్కడ ఒకరు ఉండాలి."

"ఎవరన్న వస్తరా?"

"ఏమో. రావచ్చు."

అది మా ఊరి రోడ్డు వైపు కాసేపు చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, ఆడుకోవడానికి వెళ్లిపోయింది. ఆ రోజు ఎవరూ రాలేదు. మర్నాడు పొద్దు పొడిచి, బద్రు వచ్చి కంప తీసేదాకా నేను అక్కడి నుంచి లేవలేదు.